నిలువు జడల స్వెటర్

శాంతా,

నువ్వు పోయాక ఇది నాలుగో చలికాలం. ప్రాణహిత నది గాలి సిరోంచలో ఈసారి ముందే మొదలైంది. నువ్వు అల్లిక నేర్పిన షాహీన్ పొద్దున వచ్చి, నీ నమూనాల నోటుబుక్కు అడిగి తీసుకుని, మన వరండాలోనే కూర్చుని తనకో స్వెటర్ ఎంచుకుంది. కోసుగా దిగే మెడ, ముందు భాగంలో అల్లికలోనే మెలితిప్పిన నిలువు జడలు.

"గీ జడలుంటె జర సన్నగ కనబడ్తమని శాంతా చాచీ చెప్పింది. నాకు మంచిగుంటదా చాచా?"

అదే పేజీ తెరిచి ఒకప్పుడు నువ్వూ నన్ను ఇదే అడిగావు. నేను చదువుతున్న పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "ఈ వయసుల నీకు సోకులేంది? నిన్నెవలు చూస్తరు?" అన్నాను. నువ్వు అప్పటికే సగమైన స్వెటర్ విప్పేసి, ఆ వంకాయరంగు ఊలుతో నాకు మఫ్లర్ అల్లావు. అది ఏ ఊలో తెలిసే మెడకు చుట్టుకున్నాను.

నన్ను చిన్నబుచ్చిన తమ్ముళ్లు, తోటి మాస్టర్లు ఎవరేమన్నారో ఇప్పటికీ పొల్లు పోకుండా చెప్పగలను. నేను నిన్నన్న మాట ఒక్కటే ఆ జాబితాలో ఇన్నాళ్లూ చేర్చుకోలేదు.

"మంచిగుంటది బిడ్డా" అన్నాను, ఇప్పుడూ పుస్తకంలోంచి తల ఎత్తకుండానే.

"చూడకుంటనే చెప్తున్నరా చాచా?"

పుస్తకం మూసి, చూసి, మళ్లీ చెప్పాను. తరువాత మఫ్లర్ తీసి, "దీన్ని విప్పాలంటే ఎట్ల?" అని అడిగాను.

"ఆఖరి ముడి దొరికితె చాలు, గుంజుడే."

ఆమె వెళ్లినప్పటి నుంచి మఫ్లర్ ఒళ్లో పెట్టుకుని వెతుకుతున్నాను. ఆ ముడి పైకి కనిపించకుండా ఎంత శ్రద్ధగా దాచావో, ఇంకా దొరకలేదు.