మూడో కప్పు

బావా, నా రాత కొక్కిరిబిక్కిరిగా ఉంటుంది, తప్పులు కూడా ఉంటాయి. ఏమనుకోకు. ఐదో తరగతితో ఆగిన చదువు.

నువ్వు పోయి ఏడాదైంది. ఇక్కడ గల్ఫ్‌లో, అల్ సద్ పేటలో మన బోస్నియా మేడమ్ ఇంట్లోనే నేనింకా వంట చేస్తున్నాను. కారు నడుపుతూ నువ్వు ఆమెను ఏడిపించేవాడివి కదా, "ఏం మేడమ్, యూరపోళ్ళు మిమ్ముల లోపలికి రమ్మన్నరా, ఇంక వాకిట్లనే నిలవెట్టిన్రా?" అని. నిన్న కబురొచ్చింది. యుద్ధంలో చితికిపోయిన వాళ్ళ దేశాన్ని యూరపోళ్ళ కూటమిలో చేర్చుకోవడానికి మాటలు మొదలుపెడతారట.

"ముందు మా చట్టాలు మారాలి," అంది మేడమ్. ఆమె అమ్మది ఒక జాతి, నాన్నది ఇంకొకటి. మూడు జాతుల్లో ఏదో ఒకటి తనదని చెప్పుకుంటేనే అక్కడ అధ్యక్ష పదవికి నిలబడనిస్తారట. ఆమె చెప్పుకోదు.

అయినా సంతోషపడి కాఫీ కాచి మూడు కప్పుల్లో పోసింది. మంచి కబురొస్తే వాళ్ళింట్లో చనిపోయినవాళ్ళకూ ఒక కప్పు పోసి, పేరుపెట్టి పిలుస్తారు. మేడమ్ వాళ్ళమ్మ యుద్ధంలో పోయిన కొడుకును అలాగే పిలిచేదట.

"నీ భర్తను పిలువు," అంది.

నేను తల వంచుకున్నాను. మా దగ్గర ఆడవాళ్ళు భర్త పేరు పలకరని చెప్పాను.

"మరి అతన్ని ఇక్కడ ఎవరు పిలుస్తారు?"

ఇంకెవరున్నారు? పిలిచాను బావా. నీ పేరు నా గొంతులో ఎలా ఉంటుందో నిన్ననే విన్నాను. ఆ కాఫీ చల్లారేదాకా అక్కడే కూర్చున్నాను.

ఈ కాగితం ఎవరికైనా దొరికితే మా అత్తమ్మకు చెప్పకండి. కాల్చేయండి.