పోయొస్త అన్న మాట

కరుణక్కా,

ఫోన్ల చెప్పబుద్ధి కాలే, అందుకే కాయితం మీద రాస్తున్న. హాస్టల్ ఖర్చులకని ఫోన్ల సర్వేలు నింపుతున్న గదా. తల్లులకైతే ఎక్కువ సర్వేలు వస్తయని, నాకు నాలుగేండ్ల బిడ్డ ఉన్నదని అబద్ధం రాసిన. పేరు పద్మశ్రీ అన్న, బడి తార్నాకల అన్న. మొదట్ల ఏ సబ్బు, ఏ బిస్కెట్ అని అడిగిర్రు. రానురాను, మీరు లేకుంటే పాప ఏడుస్తదా అని అడిగిర్రు. నాకు భయమైంది.

మొన్న అకౌంట్ బంద్ చేసిన. ఆఖరికి ఏమన్న చెప్పేదున్నదా అని ఆ సర్వే యాప్ అడిగింది. ఇంట్లకెళ్లి బయల్దేరేటప్పుడు 'పోత' అంటే అమ్మ తిడుతుండె గదా, ఆ అలవాటుకొద్ది 'పోయొస్త' అని కొట్టిన.

నిన్న పొద్దుగాల అదే సర్వే నంబర్ నుంచి మెసేజ్ వచ్చింది: "అమ్మా, తార్నాక బస్టాపుల నిలవడ్డ. పోయొస్త అన్నవ్ గదా."

అప్పటి నుంచి లైబ్రరీకి గూడ ఆ బస్టాపు దిక్కు పోకుంట, క్యాంపస్ లోపలి తొవ్వనే పోతున్న. 'పోత' అని ఒక్క మాట రాస్తే అయిపోతదేమో. గని పసిపిల్లకు ఆ మాట ఎట్ల రాయాలె?

నువ్వు రామంతాపూర్ నుంచి రోజూ ఆ దిక్కే వస్తవ్ గదా, ఒక్కసారి చూడు. ఎవ్వరు లేకుంటే మంచిదే. ఉంటే, బువ్వ తిన్నదా అడుగు. నేనొస్తనని మాత్రం చెప్పకు.

నీ చెల్లె