మస్తాన్ హాజరు

ఆదివారం రాత్రి, సింగరాయకొండ.

ఒకే ఓడలో నేవీ ఉద్యోగం చేసిన పదకొండు మందిమి నిన్నటి నుంచి ఈ లాడ్జిలో ఉన్నాం. సాయంత్రం సుబ్బారావు ఓడ మీద లాగే హాజరు పిలిచాడు. పోయినవాళ్ల పేర్లు కూడా పిలవాలని, వాళ్ల బదులు స్నేహితుడెవరైనా పలకాలని ముందే అనుకున్నాం.

"మస్తాన్!"

వాడి బదులు పలకాల్సింది నేనే. పలకలేదు.

"ఏరా, వాడు నిద్ర లేవని రోజున వాడి హాజరు నువ్వే పలికేవాడివి గదరా! ఇప్పుడేమొచ్చింది?" అన్నాడు సుబ్బారావు. అందరూ నవ్వారు. పొదిలి నుంచి వచ్చిన మస్తాన్ చెల్లెలు మీరాబీ కూడా నవ్వింది.

ఇంజన్ గదిలో మంటలు లేచిన రోజు, పైకొచ్చాక పేర్లు పిలిస్తే వాడికీ నేనే పలికాను. పొగలో నా వెనకే వస్తున్నాడనుకున్నాను. అందరూ వచ్చేశారని తలుపు బిగించేశారు. లెక్క ఎలా తప్పిందని విచారణలో అడిగితే తెలియదన్నాను. ఇన్నేళ్లూ అదే మాట మీద ఉన్నాను.

నవ్వుతున్న సుబ్బారావు ఉన్నట్టుండి ఆగి నా మొహంలోకి చూశాడు. తర్వాతి పేరు నా మీంచి చూపు తీయకుండానే పిలిచాడు.

భోజనాల దగ్గర మీరాబీ అడిగింది. "మా అన్న పేరుకి పలకలేదేం అన్నా?"

"గొంతు పట్టేసిందమ్మా."

వంటవాళ్ల చేత మిరియాల పాలు కాయించి తెచ్చింది. నేను గ్లాసు ఖాళీ చేసేదాకా పక్కనే నిలబడింది.

పొద్దున ఆమెను పొదిలి బస్సు ఎక్కించే పని నాదే. పక్క మంచం మీద సుబ్బారావు గోడవైపు తిరిగి పడుకున్నాడు. గురక లేదు.

"రేపు బస్టాండుకి నేనూ వస్తాను" అన్నాడు ఇందాక.