తోడల్లుళ్ళ బ్యాటరీ

చిరంజీవి తమ్ముడికి అన్నయ్య ఆశీస్సులు.

ఎదురుపడితే మాటా మాటా పెరుగుతోంది కనుక, ఈ ఉత్తరం పడవలో సీటు కింద రేకుడబ్బాలో పెడుతున్నాను. మామగారు అల్లుళ్ళిద్దరికీ కలిపి ఒక్క పడవ ఇచ్చిపోయారు. పొద్దున నేను ఫ్యాక్టరీవాళ్ళని అవతలి ఒడ్డున దింపుతాను, మధ్యాహ్నం నుంచి నువ్వు చేపలకి వెళతావు. అంతవరకు బాగానే ఉంది. కానీ ఈ వారంలో మూడుసార్లు ఇంజన్ స్టార్ట్ కాలేదు. తాళం తిప్పితే టిక్కు టిక్కుమని ఊరుకుంది. పన్నెండున్నర వోల్టులు ఉండాల్సిన బ్యాటరీ పదకొండున్నర చూపిస్తోంది. ఫ్యాక్టరీ గేటు ఏడింటికి మూసేస్తారు. ఇంకొక్కసారి ఆలస్యమైతే పక్కరేవు పడవ చూసుకుంటామని అందరూ తెగేసి చెప్పారు. ఆ చేపల్ని చూపించే తెర, ఆ రేడియో, ఆ ఫ్యాను దిగేముందు కాస్త కట్టెయ్యి నాయనా. నాకిక ఓపిక లేదు.

ఇట్లు, అన్నయ్య.

తా.క. నిన్ను చూసి చేపలు పారిపోతుంటే, వాటిని తెరమీద చూసి ఏం లాభం?

*

అన్నయ్యగారికి నమస్కారాలు.

దిగేముందు అన్నీ కట్టాను. రెండుసార్లు చూసుకున్నాను. మీటరు పన్నెండు పాయింట్ ఆరు. ఆ అంకె ఇంటికెళ్ళి మీ మరదలికి కూడా చెప్పాను. అన్నం వడ్డిస్తూ "నాకెందుకు?" అంది. ఇంజన్ ఒకసారి లేవకపోతే మీరు పళ్ళు బిగించి తాళం తిప్పుతూనే ఉంటారు. మీకు భయపడి లేవడానికి బ్యాటరీ ఏమైనా మీ పెద్దబ్బాయా? నా బాధ వేరు. నేను స్టార్ట్ చేసినప్పుడల్లా వోల్టేజి పడిపోయి తెర ఆరిపోతోంది, చేపలు పడే చోట్లని పెట్టుకున్న గుర్తులన్నీ చెరిగిపోతున్నాయి. రోజూ కొత్తగా వెతుక్కుంటున్నాను. అలిసిపోయాను.

ఇట్లు, మీ తమ్ముడు.

తా.క. అన్నీ కట్టేశాక కూడా పలకల కింద నుంచి ఝుమ్మని చప్పుడొస్తోంది. మీ పనేనా?

*

తమ్ముడికి ఆశీస్సులు, అలవాటు కొద్దీ.

గొడవెందుకని రెండో బ్యాటరీ తెచ్చి బిగించాను. పాతది ఇంజన్‌కి, కొత్తది నీ ఆటసామాన్లకి. మధ్యలో స్విచ్చి పెట్టాను. అది అడ్డంగా ఉంటే దేని దారి దానిది, నిలువుగా తిప్పితే రెండూ కలుస్తాయి. "తిప్పకు" అని పెయింటుతో రాశాను కూడా. ఇవాళ పొద్దున చూస్తే కొత్తది నిండుగా ఉంది, పాతది పదకొండు పాయింట్ మూడు. అంటే నీది దాచుకుని నాది వాడుకున్నావన్నమాట! నీ బ్యాటరీ ముట్టనని పంతానికి పోయి తెడ్డేసుకుంటూ వెళ్ళేసరికి గేటు మూసేశారు. పదహారు మంది బయట నిలబడిపోయారు. ఒకావిడ గోడపక్కన కూర్చుని టిఫిన్ డబ్బా విప్పింది. తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చింది.

ఇట్లు, మీ వదిన మొహం చూసి ఊరుకుంటున్న అన్నయ్య.

తా.క. ఆ చప్పుడు నీ మనస్సాక్షిది అయ్యుంటుంది.

*

అన్నయ్యగారికి నమస్కారాలు.

దొంగ దొరికాడు! పలకలు పీకి చూశాను. ఒక ఎర్ర వైరు మీ స్విచ్చి ఛాయలకైనా పోకుండా తిన్నగా మీ బ్యాటరీకి వెళుతోంది. రెండో కొస అడుగున ఆ నూనె నీళ్ళలో ఎక్కడో ఉంది, చెయ్యి పెట్టబుద్ధి కాలేదు. మీరే ఏదో చాటుగా తగిలించుకుని నా మీద తోశారు. రెండు వారాలుగా చెయ్యని తప్పుకి మాటలు పడ్డాను. కష్టంగా ఉంది అన్నయ్యగారూ, మిమ్మల్ని సొంత అన్నలా అనుకున్నాను. కటింగ్ ప్లయర్‌తో ఆ వైరు కోసేశాను. రేపు ఫ్యాక్టరీకి సెలవు, నేనూ చేపలకి రాను, అలిగాను. ఎల్లుండి పొద్దున మీటరు చూసి, క్షమాపణ రాసి డబ్బాలో పెట్టండి.

ఇట్లు, మీ తమ్ముడు.

తా.క. వైరు కోయగానే చప్పుడూ ఆగింది. మనస్సాక్షి ఎవరిదో తేలిపోయింది.

*

తమ్ముడూ,

మొన్న సాయంత్రమే డబ్బాలోంచి నీ ఉత్తరం తెచ్చుకుని చదివాను. నువ్వు చెప్పినట్టే ఇవాళ మీటరు చూద్దామని వెళ్ళాను. చూడాలంటే మునగాలి. పడవ రేవులోనే పైకప్పు ఒక్కటి బయటపెట్టి కూర్చుంది.

నువ్వు కోసింది నీళ్ళు తోడే పంపు వైరు. పడవలోకి నీరు చేరితే దానంతటదే తిరిగి తోడేస్తుంది. ఎవరూ పొరపాటున కట్టెయ్యకూడదని స్విచ్చికి అందకుండా నేనే బిగించాను, నీ పెళ్ళికి ముందెప్పుడో. ఒక్కరోజు కూడా ఇబ్బంది పెట్టలేదు, అందుకే మర్చిపోయాను. అడుగున ఎక్కడో చిల్లు పడినట్టుంది, రాత్రంతా నీళ్ళు తోడుతూ బ్యాటరీ తాగేసింది ఈ పంపే. మనిద్దరం తిట్టుకుంటున్నన్నాళ్ళూ పాపం అదొక్కటే పడవ సంగతి చూసుకుంది. కోసింది నువ్వు, మర్చిపోయింది నేను. నిన్ను అనరాని మాటలన్నాను, క్షమించు. ఇది రాయడం కన్నా బ్యాటరీ మోయడం తేలిక.

రేకుడబ్బా కూడా నీళ్ళలోనే ఉంది కనుక దీన్ని మీ తలుపు కింద నుంచి తోస్తున్నాను. చదివాక తలుపు తియ్యి. బయటే నిలబడ్డాను. తాడు తెచ్చాను, రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి.

అన్నయ్య.

తా.క. నీ తెర గురించి బెంగపడకు. ఇప్పుడు చేపలే దాన్ని చూస్తున్నాయి.