మలేరియా దుర్బిణిలో ఒంటేలు చుక్క

గుండ్లవాగుపల్లె,
తేది: 11-8-1981.

వరంగల్ జిల్లా వైద్య, ఆరోగ్య శాఖాధికారి గారి సముఖమునకు, గుండ్లవాగుపల్లె కాపురస్తుడు, కిరాణా వర్తకుడు వెంకట్రాజం వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోని మలేరియా వారి సూక్ష్మదర్శిని, అనగా మా భాషలో దుర్బిణి, కింద నా భార్య ఒంటేలు, అనగా తమ భాషలో మూత్రము, ఒక్క చుక్క చూచుటకు ఉత్తరువు కోరుట గురించి.

ఇటువంటి విషయం మీద అర్జీ పెట్టవలసి వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు. ఇంటి ఆడమనిషి ఒంటేలు సంగతి కాగితం మీద పెట్టడానికి నాకూ సిగ్గే. అయితే సిగ్గుపడి ఇప్పటికి ఒకసారి నష్టపోయినందున ఈసారి ఈ దిగువ అంశాలను వరుస నంబర్లతో మనవి చేసుకొంటున్నాను.

1. నా భార్య కళావతి, వయస్సు ఇరవై మూడు, ఏడు నెలల గర్భవతి. పోయిన సోమవారం ఆమెకు జ్వరం, వణుకు, నడుములో కుడిపక్క పోటు, ఒంటికి పోతే మంట. వెంటనే ఆరోగ్య కేంద్రానికి తీసుకొని పోయినాను. అక్కడ డాక్టరు గారి కుర్చీ ఉన్నది. రోజూ తుడుస్తారు. డాక్టరు గారు మాత్రం కుటుంబ నియంత్రణ క్యాంపుల మీద ఊళ్ళు తిరగబట్టి ఆరు నెలలు. పిల్లలు పుట్టకుండా చూచే పని తెమిలిన తర్వాత, పుట్టబోయే వాళ్ళ సంగతి కూడా చూస్తారని మా ఆశ.

కుర్చీ పక్కన స్టూలు మీద కంపౌండర్ ఎల్లస్వామి గారు రిజిస్టరు తెరిచి "ఏమైతాందమ్మా?" అని అడిగినారు. పరాయి మగవాని ముందర మా ఆడవాళ్ళు అన్నిటికంటే చెప్పదగిన మాట ముందు చెబుతారు. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకొని "చలి పెడ్తాంది" అన్నది. మిగతా మాట గొంతులో ఉండగానే ఆయన "చలిజ్వరం, మలేరియా" అని వ్రాసి గీత కొట్టినారు.

"సారూ, ఇంకోటి గూడ ఉన్నది. ఒంటికి పోతే మంట లేస్తాందట," అన్నాను.

"సేటూ, ఒక్క మనిషికి ఒక్కటే గడి. అండ్ల చలి రాసిన. ఇగ మంట ఏడ రాయాలె? మొదాలే మంట అనద్దా?"

కనుక ఏ మాట ముందు అంటే అదే జబ్బు. ఈ నియమం ప్రజలకు తెలియదు. ఏ బాధ ముందు చెప్పుకోవాలో ఊరూరా డప్పు చాటింపు వేయించి తెలియజేస్తే మా బోటి వాళ్ళం ఇంట్లోనే వల్లె వేసుకొని వస్తాము.

2. చలి అన్నందుకు ఆమె వేలు పొడిచి, గాజు పలక మీద రక్తం రాసుకొని, నాలుగు చేదు గోళీలు ఇచ్చినారు. మేము వరండాలోకి రాగానే నర్సమ్మ సమ్మమ్మ గారు ఎదురైనారు. ఈమె ఇరవై ఏండ్లుగా ఈ చుట్టుపక్కల కాన్పులు చేస్తున్న మనిషి. కళావతి నడుము మీద మెల్లగా చేత్తో తట్టినారు. కళావతి కెవ్వుమన్నది. గాజు గ్లాసులో ఒంటేలు పట్టించి, ఎండకు ఎత్తి నాకు చూపించినారు.

"చూడు సేటూ, బియ్యం కడిగిన నీళ్ళ లెక్క ఎట్లున్నదో. ఇది దోమల జరం కాదు, గుర్దాలకెక్కిన జరం. దుర్బిణిల చీము కనబడ్డదని ఒక్క చీటి ఉంటే, క్యాంపుల ఉన్న డాక్టర్ సాబ్‌తోని మందు రాయిస్త. కడుపుతోనున్న మనిషికి నేను ఏ గోళీ పడితే ఆ గోళీ ఇయ్య. జర జల్ది చూపియ్యి."

గుర్దాలు అనగా తమ భాషలో మూత్రపిండాలు. ఈ సంగతి విన్నవించుకొంటే కంపౌండర్ గారు గాజు గ్లాసు, ఎండ రెండూ సర్కారు సప్లయి చేసిన పరికరాలు కావనీ, వాటితో చేసిన పరీక్ష చెల్లదనీ సెలవిచ్చినారు. సమ్మమ్మ గారి ఇరవై ఏండ్ల కన్ను కూడా సప్లయిలో రాలేదు కాబట్టి అదీ చెల్లలేదు.

3. ఇక దుర్బిణి. అది మా కేంద్రంలోనే, పక్క గదిలోనే ఉన్నది. పూట పొడవునా రక్తపు పలకలు చూచి అలిసిపోయి, మధ్యాహ్నం నుంచి పచ్చ గుడ్డ కప్పుకొని విశ్రాంతి తీసుకొంటుంది. దానిని చూచుకొనే భాస్కర్ గారు మర్యాదస్తుడు. నాకు బల్ల చూపించి కూర్చోమన్నారు కూడా.

"సేటూ, ఇది మలేరియా డిపార్ట్‌మెంటుది. రక్తమే చూడాలె. పలక పలకకు నంబరుంటది. ఒంటేలుకు నేను నంబరు ఏడికెల్లి తేవాలె?"

"నంబరు లేకుండ జర ఒక్కసారి చూడరాదు, సారూ?"

"చూస్త. చీము కనబడ్తది. ఏడ రాయాలె? ఏ కాగితం మీద సంతకం పెట్టాలె? నా నౌకరి పోతే నువ్విస్తవా?"

అయ్యా, అద్దానికి ఏది రక్తమో ఏది ఒంటేలో తెలియదు. డిపార్టుమెంటుకు తెలుసు. ఒకే మనిషి ఒంట్లో నుంచి వచ్చిన రెండు చుక్కల్లో ఒకటి సర్కారుకు పనికివచ్చి, రెండోది రాకపోవడం నా బోటి కిరాణా వానికి అంతుపట్టలేదు.

4. నేను పోరగా పోరగా కంపౌండర్ గారికి కోపం వచ్చి "ఒంటేలు పరీక్ష మా దగ్గర లేదంటవా? ఉన్నది, తీసుకరాపో," అన్నారు. ఇక్కడ నా తప్పు ఒప్పుకొంటున్నాను. ఆత్రంలో దుకాణంలో చేతికందిన సీసా నీళ్ళతో తొలిపి, అందులో పట్టించి ఇచ్చినాను. ఆయన నీలం మందు పోసి స్పిరిట్ దీపం మీద కాచినారు. ఇటుకపొడి రంగు వచ్చింది. ఆ కేంద్రంలో ఇంత చక్కగా పని చేసిన వస్తువును నేను అదే మొదటిసారి చూచుట.

"చక్కెర బీమారి. అన్నం బంద్ పెట్టు," అన్నారు.

జ్వరంతో ఉన్న గర్భిణిని రెండు రోజులు అంబలి మీద ఉంచినాను. ఆమె కూడుకు ఏడ్చింది. మూడో రోజు గుర్తుకు వచ్చింది, అది తేనె సీసా. పరుగెత్తుకొని పోయి చెప్పినాను. "అయ్యో, రిజిస్టర్ల ఎక్కిపాయె గద సేటూ. కొట్టేయాల్నంటే డాక్టర్ సంతకం కావాలె," అన్నారు. డాక్టరు గారు ఎక్కడ ఉన్నదీ పైన మనవి చేసినాను. కాబట్టి ఈ తేదీ నాటికి సర్కారు లెక్కన నా భార్యకు మలేరియా ఉన్నది, చక్కెర ఉన్నది. ఆమెకు నిజంగా ఉన్న జబ్బు ఒక్కటే ఎక్కడా లేదు.

5. పోయిన సంవత్సరం కూడా ఆమెకు ఏడో నెలే. అదే చలి, అదే నడుము పోటు, అవే నాలుగు గోళీలు. మంట సంగతి అప్పుడు ఆమె నాకు కూడా చెప్పలేదు. ఆరో రోజున వరంగల్ తీసుకపొమ్మన్నారు. బస్సులోనే నొప్పులు వచ్చినవి. కండక్టరు బస్సు ఆపి మగవాళ్ళందరినీ దింపినాడు. నేనూ దిగినాను. లోపలి నుంచి పసివాని ఏడుపు వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించి నిలబడ్డాను. వినిపించలేదు. మగపిల్లవాడు.

ఇది ఫిర్యాదు కాదు. దీనికి నంబరు ఎందుకు వేసినానో నాకే తెలియదు.

ఇప్పుడు బస్సు పేరు ఎత్తితే కళావతి గుమ్మం పట్టుకొని కూర్చుంటున్నది. "మల్ల ఆ బస్సు నేనెక్క. నా బిడ్డ ఇంట్లనే పుట్టాలె, లేకుంటే ఇద్దరం ఇంట్లనే పోవాలె," అంటున్నది. ఒట్టి ఒంటేలు నేనే తీసుకపోదామంటే, రోగి స్వయంగా హాజరు కానిదే పట్నం దవాఖానాల్లో నమూనా ముట్టరట.

కావున తమరు దయతలచి, "మలేరియా దుర్బిణిలో ఒంటేలు చూడవచ్చును, చూచినది చీటీ మీద వ్రాయవచ్చును" అని ఒక్క వాక్యం ఉత్తరువు ఇప్పించవలెను. అది వీలుపడకపోతే, ఫైలు పై ఆఫీసుకు పోయి తిరిగి వచ్చే వరకు నా భార్య గుర్దాలకు, కడుపులోని బిడ్డకు వాయిదా మంజూరు చేయించవలెను. ఈ రెంటిలో తమకు ఏది సులువో నాకు తెలియదు. తమరు తీరికగా కాక, తొందరగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఇంకా కొద్ది రోజులు విధేయుడుగానే ఉండగోరువాడు,
వెంకట్రాజం

జతపరచినవి: 1. మలేరియా చీటీ. 2. చక్కెర చీటీ. 3. సీసా ఒకటి, నిండుగా.

మళ్ళీ వ్రాయునది: సారూ, మూడో నంబరుది చూసి కోపం చేయకుండ్రి. ఈ ముక్క మీ ఆఫీసు వరండాల కూసోని రాస్తాన. పొద్దుగాల కళావతికి మల్ల చలి పెట్టింది, పండ్లు పటపట కొట్టుకున్నయి. సమ్మమ్మక్క ఆమె పక్కన కూసోని నన్ను బస్సెక్కిచ్చింది. సీసా ఉడకపెట్టి కడిగింది, తేనెది కాదు. సల్లగుంటే సాయంత్రం దాక ఆగుతదన్నది. మా ఊరి మొగిలయ్య ఐస్‌ఫ్రూట్ డబ్బాల ఐసు పోసి ఇచ్చిండు. దాన్ల పెట్టుకొని ఒళ్ళె పట్టుకొచ్చిన. బస్సుల ఇద్దరు ఐస్‌ఫ్రూట్ ఇయ్యమని అడిగిండ్రు.

మీ జవాను డబ్బా లోపలికి తేనిస్తలేడు. తపాల సెక్షన్ల ఇచ్చి పో, పదిహేను రోజులకు రమ్మంటాండు. మీరు గూడ డాక్టరేనట గద సారూ. జర బయటికొచ్చి ఎవరితోనన్న ఒక్క చుక్క చూపియ్యుండ్రి, మందు పేరు మీ చేత్తోని రాసియ్యుండ్రి, రెండు గంటల బస్సుకు పోత. అర్జీకి జవాబు మీ ఇష్టమున్నప్పుడు ఇయ్యుండ్రి. సీసాకు మాత్రం ఐసు కరగకముందే ఇయ్యుండ్రి.