పెద్దమ్మ మెడ కొలత

కొండ కింది అటవీ చౌకీలో ఉండే గార్డుగారికి,

నమస్కారం. నిరుడు జ్వరంతో పోయిన మీ జంతువుల మేడమ్‌కి నేను తోడబుట్టిన తమ్ముణ్ణి. అడవి జంతువుల్ని కాపాడ్డానికే బతుకంతా ధారపోసింది కదా, కొండమీద ఆవిడ పేర రాయి నిలబెట్టారని, వానలు మొదలవగానే ఆ దారి శాశ్వతంగా మూసేస్తారని పేపర్లో చదివాను. అక్క కోరికే అదిట, తన రాయి కోసం మనుషులొచ్చి జంతువుల్ని బెదరగొట్టకూడదని. సరే, కానీ మూసేలోగా ఒక్కసారి ఆ రాయి మీద చెయ్యి వెయ్యాలి నేను. కబురందేసరికి అంతా అయిపోయింది, కడచూపు కూడా దక్కలేదు.

చిక్కల్లా నా భయంతోనే. చిన్నప్పుడు అక్క పాముల్ని పట్టుకునేది, నేను అక్క గౌను పట్టుకునేవాణ్ణి. దారిలో ఏమేం ఉంటాయో దాచకుండా రాయండి.

ఇట్లు,
మేడమ్ తమ్ముడు

తా.క. మరీ దాచకుండా కూడా వద్దు.

*

తమ్ముడుగారికి,

తప్పకుండా రండి. దారిలో జలగలు, జారుడు బండలు తప్ప ఏమీ లేవు. పాములున్నాయి గానీ మనకంటే వాటికే సిగ్గెక్కువ.

రాయి దగ్గర మాత్రం మా పెద్దమ్మ ఉంటుంది. మేడమ్ చేతి తిండి తిని బతికిన ప్రాణం. మేడమ్ పోయినప్పటినుంచీ రోజూ వచ్చి ఆ రాయి పక్కనే కూర్చుంటుంది. తలవంచుకుని మెల్లగా నడిస్తే ఏమీ అనదు. ఆమధ్య మా గుమాస్తా ఈల వేసుకుంటూ వెళ్ళాడు, చెంప మీద ఒక్కటిచ్చింది. నిన్న కుట్లు విప్పారు, బాగానే ఉన్నాడు.

ఇట్లు, మీ కోసం చూస్తూ,
గార్డు

తా.క. ఈల అలవాటుంటే ఇప్పుడే మానేయండి.

*

గార్డుగారికి,

మీ ఉత్తరం చదివాక ముద్ద దిగలేదు. పాముల సంగతి సరే, ఈ పెద్దమ్మగారెవరండీ బాబూ! చెంపదెబ్బకి కుట్లు పడ్డాయంటే అది చెయ్యేనా? మా అత్తగారికి కూడా అంత బలం లేదు.

అయినా అక్కని మరవలేక చలిలో కూర్చునే ముసలి ప్రాణం మీద కోపమెలా వస్తుంది? ఉత్త చేతులతో రాను. చలి ముందు మెడకే తగులుతుంది. ఆవిడ మెడ కొలత పంపండి, మంచి కాలర్ చేసి తెస్తాను. ముప్పై ఏళ్ళుగా నాది ఇదే పని. ఎన్ని మెడలకి వేశానో! బిగుసుకుందని ఒక్కరూ తిరగబడలేదు.

ఇట్లు, వణుకుతూ,
మేడమ్ తమ్ముడు

తా.క. ఆవిడకి తీపి ఇష్టమేనా?

*

మహానుభావా, తమ్ముడుగారూ!

మీరూ మేడమ్ దారిలోనివారేనని ముందే చెప్పొద్దూ! మా ఆఫీసరుగారు మీ ఉత్తరం పట్టుకుని చౌకీ అంతా తిరిగారు. పెద్దమ్మ ఎప్పుడెక్కడుందో తెలియడం లేదు, అప్పుడప్పుడు ఊళ్ళోకీ దిగుతోంది. కాలర్ పడకపోతే పట్టి బోనులో పెట్టమని పైనుంచి ఒకటే ఒత్తిడి. ఇదివరకు తెప్పించిన కాలర్లన్నీ జారిపోయాయి. మెడా తలా ఒకే లావు మరి! మొన్న మత్తిచ్చి కొలిచాం, మెడ ముప్పై అంగుళాలు. మీరొచ్చిన రోజు డాక్టరుగారు మళ్ళీ మత్తిస్తారు. వెయ్యడం మీ చేతులమీదుగానే.

ఇట్లు, సంతోషం పట్టలేక,
గార్డు

తా.క. తీపంటే పడి చస్తుంది. జేబులో మాత్రం పెట్టుకోకండి, జేబుతో సహా తీసుకుంటుంది.

*

గార్డుగారికి,

ఇన్నాళ్ళూ అడవంటే భయపడ్డాను, ఇప్పుడు మీరంటే భయంగా ఉంది. దిక్కులేని ముసలావిడకి మత్తిచ్చి మెడ కొలుస్తారా? ఊళ్ళోకొస్తే బోనులో పెడతారా? మా అక్క ఇలాంటి వాళ్ళ మధ్యనా ఉన్నది!

ఆవిడ కోసమైనా వస్తున్నాను. ముందు కాలర్ ఒక్కటే కుట్టాను. మందపాటి కాన్వాసు, లోపల దూది, జారకుండా మూడు బకిల్స్. దానికి తగ్గ కోటు కూడా కుడతాను, ఆ కొలతలు ఆవిడ మెలకువగా ఉన్నప్పుడు, ఆవిడ ఒప్పుకుంటేనే తీసుకుంటాను. ఈ ఉత్తరం నాకంటే ముందు చేరితే కాస్త సిగ్గుపడండి.

ఇట్లు,
ప్రాణాలకి తెగించిన దర్జీ

తా.క. ముప్పై అంగుళాలు మెడేనా, నడుమా? మా ఆవిడ అడగమంది.

*

గార్డుగారికి,

ఇల్లు చేరాను.

ఎలుగుబంటి అని ఒక్క ముక్క రాస్తే మీ సిరా అయిపోయేదా? జలగల్ని పీక్కుంటూ, బండల మీద పాక్కుంటూ పైకొస్తే, ఆ మంచులో ఆవిడే నల్ల దుప్పటి ముసుగేసుకుని పడుకుందనుకుని "నమస్కారం పెద్దమ్మగారూ" అంటూ కాళ్ళకి వంగాను. ఆ గోళ్ళు చూశాక ఇక లేవలేకపోయాను. మీరేమో నా కాలర్‌కి ఏదో డబ్బా బిగించి నా చేతికే ఇచ్చారు. డాక్టరుగారేమో "కానివ్వండి, మత్తు దిగిపోతోంది" అంటారు. పారిపోదామంటే కాళ్ళు మాట వినవు. చేతులు మాత్రం అలవాటు కొద్దీ వేసేశాయి, రెండు వేళ్ళ సందు ఉందో లేదో కూడా చూశాయి. అప్పుడు అది కన్ను తెరిచింది. ఆ తర్వాత నాకు తెలివొచ్చింది కొండ కిందే.

బస్సెక్కాక గుర్తొచ్చింది, అక్క రాయిని చూడనేలేదని. చెయ్యి ఎలుగుబంటి మెడ మీద వేశాను గానీ, పక్కనే ఉన్న రాయి మీద వెయ్యలేదు. ఇక్కడ వాన మొదలైంది, మీరు దారి మూసేసే ఉంటారు. బస్సులో అందరి ముందూ ఏడ్చానండీ.

ఇట్లు,
దర్జీ

తా.క. నా ఎడమ చెప్పు అక్కడే పడిపోయింది. పెద్దమ్మ తీసుకుని ఉంటే అడక్కండి, ఉంచుకోనివ్వండి.

*

దర్జీగారికి,

మీ తెగింపు ఉత్తరం మీరు వెళ్ళాక అందింది. చదివి ఆఫీసరుగారు కుర్చీలోంచి జారారు. ఏం చేయమంటారు, మేడమ్ పెట్టిన ఆ పేరు తప్ప దాన్ని ఇంకోలా పిలిచి ఎరగం.

కాలర్ జారలేదు. దానికి బిగించిన రేడియో డబ్బా వల్ల పెద్దమ్మ ఎటు తిరిగినా చౌకీలో కూర్చునే తెలిసిపోతోంది. బోను మాట ఎత్తేవాళ్ళే లేరు. దారి మాత్రం నిన్న మూసేశాం. గేటుకి తాళం వేసి, పక్కన బోర్డు పెట్టాం. "ఎవ్వరికీ ప్రవేశం లేదు" అని ఆఫీసరుగారు పెద్దక్షరాలతో రాయించారు. కింద చిన్నక్షరాలతో, "దర్జీకి తప్ప."

పెద్దమ్మ ఏటా ఒళ్ళు చేస్తుంది, కాలర్ ఏటా వదులు చెయ్యాలి. కాబట్టి వానలు వెలిశాక ప్రతి ఏడూ మీరు రావలసిందే. ముందు రాయి దగ్గర కూర్చుని మీ అక్కతో తనివితీరా మాట్లాడుకోండి. ఆ తర్వాతే పని. భయం పోయేదాకా ఆగక్కర్లేదు, దాంతోనే రండి.

ఇట్లు,
మీ గార్డు

తా.క. డాక్టరుగారికి బదిలీ అయింది. కొత్తాయన్ని ఇంకా వెయ్యలేదు. మత్తు సంగతి మీరొచ్చాక చూద్దాం.