సున్నాకి ఇవతలి చుక్క

అమ్మకు నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. ఎంతమందిమో చివర్లో చెబుతాను. నీ మోకాళ్ల నొప్పులు తగ్గాయా?

నీ ఉత్తరం అందింది. "కుట్టుకొట్టు మూసేస్తున్నాను, నీ గౌనే ఆఖరిది, కొలతలు పంపమని ఎన్నిసార్లు అడిగినా ఉలుకూ పలుకూ లేదేం" అని కోప్పడ్డావు. ఆ సంగతికే వస్తున్నాను, కాస్త ఓపిక పట్టు. "ఇక నన్ను లెక్కలోంచి తీసేయండి" అని కూడా రాశావు. అది మాత్రం నీ మనవరాలు ఒప్పుకోవడం లేదు.

దానికి బళ్లో సంఖ్యారేఖ చెబుతున్నారు. ఇంట్లోవాళ్ల వయసులు రేఖ మీద గుర్తించి, వ్యాప్తి కనుక్కు రమ్మన్నారట. వ్యాప్తి అంటే మరేం లేదు, అన్నిటికంటే పెద్ద సంఖ్యలోంచి చిన్న సంఖ్య తీసేయడమే. ఇది గీత గీయకుండా, నువ్విచ్చిన పాత టేపు వంటింటి గోడకి అడ్డంగా అంటించింది. ఏడాదికో సెంటీమీటరు. పన్నెండు దగ్గర తను, నలభై ఒకటి దగ్గర నేను, నలభై ఐదు దగ్గర వాళ్ల నాన్న. మా అందరికీ పెన్సిలు గీతలే. అరవై ఎనిమిది దగ్గర నీకు మాత్రం ఎర్ర గుండీ అతికించింది.

"వ్యాప్తికి రెండు కొసలే కావాలి నాన్నా, మధ్యలోవాళ్లతో పనిలేదు" అంది.

"అంటే నేను ఉన్నా లేనట్టేగా" అని ఆయన మూతి ముడుచుకున్నారు. అంతలో టేపు మొదట్లో, సున్నా దగ్గరుండే ఇత్తడి ముక్కకి ఎడమపక్కన, గోడ మీద ఆయనకి చిన్న చుక్క కనబడింది.

"ఇదేంటి, చీమా?"

"చీమ కాదు, తమ్ముడో చెల్లో. ఇంకా పుట్టలేదుగా, సున్నాకి ఇవతలే ఉంటుంది."

మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం. దానికి చెప్పనే లేదు. నేను మధ్యాహ్నం కునుకు తీస్తుంటే అదే టేపుతో నా నడుము కొలిచిందట, రెండుసార్లు. నీ పోలికే.

అవునమ్మా, ఐదో నెల. కొలతలు అందుకే పంపలేదు, నడుము అంకె చూడగానే నీకు తెలిసిపోతుంది. ఈ వయసులో ఈ కబురు రాయడానికి సిగ్గేసింది. సిగ్గు పోయాక భయం పట్టుకుంది. మొదటిసారి నువ్వు పక్కనే ఉన్నావు. ఈసారీ నువ్వే కావాలి, ఎలా అడగాలో తెలియలేదు.

చుక్క నుంచి సున్నాకి ఇంచుమించు అర, అక్కణ్ణుంచి నీ దాకా అరవై ఎనిమిది. ఆయన అర తీసేసి అరవై ఏడున్నర అన్నారు. ఇది పడీపడీ నవ్వింది. సున్నాకి ఇవతల ఉన్నదాన్ని తీసేస్తే తగ్గదట, పెరుగుతుందట. అరవై ఎనిమిదిన్నర. సరే, నువ్వన్నట్టే నిన్ను తీసేసి చూద్దామని గుండీని వేలితో మూశాను. వ్యాప్తి నలభై ఐదున్నరకి పడిపోయింది. ఇది నా చెయ్యి లాగేసి, "అమ్మమ్మ ఆ కొసన ఉంటేనే మన ఇల్లు ఇంత" అంది.

కాబట్టి నిన్ను లెక్కలోంచి తీసేయడం కుదరదు. కొట్టు మూసేసి కత్తెర వెంట తెచ్చుకో. గౌను కొలతలు ఇక్కడికొచ్చి నువ్వే తీసుకో. చుక్క సున్నాకి చేరేలోగా రా. ఆ రెండు కొసలూ ఒక్క మంచం మీద పడుకుంటే చూడాలని ఉంది.

ఇట్లు,
ఇద్దరితో, ఒక చుక్కతో క్షేమంగా ఉన్న
నీ పెద్దకూతురు